పదో ఏటి తూకం

లావు తగ్గే ఆపరేషన్లు చేసే ఆస్పత్రులు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. చేయించుకున్నవాళ్లను ఐదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత చూసుకునేదెవరు?

లావు తగ్గే ఆపరేషన్ ప్రకటనలో ఎప్పుడూ రెండే ఫొటోలు ఉంటాయి. ఒకటి ఆపరేషన్‌కు ముందు, ఇంకొకటి ఆర్నెల్ల తర్వాత. రెండూ నిజమే. 120 కిలోల మనిషి ఏడాది తిరిగేసరికి 80 దగ్గరికి దిగడం జరుగుతుంది. గురక పోతుంది, మోకాళ్ల నొప్పులు సర్దుకుంటాయి, షుగర్ మాత్రలు తగ్గుతాయి. మెట్లు చూస్తే భయపడే ఆవిడ అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లొస్తుంది. ఇందులో సంతోషించాల్సింది చాలా ఉంది. కానీ ఆర్నెల్లకు, ఏడాదికి దాదాపు అందరూ తగ్గుతారు. ఐదో ఏట ఆమె తూకం ఎంత, పదో ఏట రక్తంలో బీ12 ఎంత, ఎముకలు ఎలా ఉన్నాయి, ఆకలి ఎలా ఉంది, ఇవన్నీ అడిగే మనిషి ఎవరైనా ఉన్నారా అన్నవి ఆ ప్రకటనలో పట్టని సంగతులు. ఆపరేషన్ మంచి చెడ్డలు తేలేది అక్కడే.

స్వీడన్ రాసిపెట్టిన లెక్క

ఇరవై ఏళ్లకు పైగా ఓపిగ్గా ఆ లెక్క రాసిన దేశం స్వీడన్. 1987లో లార్స్ షోస్ట్రోమ్ అనే వైద్యుడి నాయకత్వంలో అక్కడ ఒక అధ్యయనం మొదలైంది. 37 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న స్థూలకాయుల్లో 2,010 మందికి ఆపరేషన్ చేశారు. వాళ్లతో చాలా విషయాల్లో సరిపోలే మరో 2,037 మంది తమ ఊరి డాక్టరు చెప్పిన మామూలు వైద్యమే తీసుకున్నారు. తర్వాత రెండు వర్గాలనూ వదిలిపెట్టకుండా ఏళ్ల తరబడి తూచారు, పరీక్షించారు.

జీర్ణాశయానికి చేసే బైపాస్ ఆపరేషన్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున తమ బరువులో 32 శాతం తగ్గారు. పదో ఏటికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. 120 కిలోల మనిషి లెక్కన చూస్తే, 82కి దిగి మళ్లీ 90కి చేరినట్టు. ఆ అధ్యయనంలో ఎక్కువమందికి చేసింది, ఇప్పుడు దాదాపు వదిలేసిన పాత పద్ధతి ఆపరేషన్. అందులో 25 శాతం తగ్గినవాళ్లు పదో ఏటికి 16 శాతం దగ్గర ఆగారు. మామూలు వైద్యం తీసుకున్నవాళ్ల బరువు మాత్రం ఇన్నేళ్లూ ఉన్నచోటే అటూఇటూగా ఉండిపోయింది.

మన ఇళ్లలో అయితే ఆ 82 నుంచి 90కి వచ్చిన మనిషిని ఏమంటారో మనకు తెలుసు. "లక్షలు పోసి చేయించాం, మళ్లీ మొదటికొచ్చింది" అంటారు. ఆ మాట తప్పు. 120లో ఉండాల్సిన మనిషి పదేళ్ల తర్వాత 90లో ఉంది. మొదటి రెండేళ్ల తర్వాత కొంత బరువు తిరిగి రావడం ఈ చికిత్స నడిచే తీరులోనే ఉంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంటే ఆమె ఆ ఎనిమిది కిలోలకు సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసేది కాదు. నా దృష్టిలో ఈ చికిత్సలో జరుగుతున్న అతిపెద్ద నష్టం ఇదే: బరువు కాస్త పెరగగానే మొహం చెల్లక ఫాలో అప్ మానేయడం.

అదే అధ్యయనం ఇంకో రెండు సంగతులు చెప్పింది. మొదటిది మంచి మాట. వయసు, జబ్బుల తేడాలు సరిచూసుకున్నాక ఆపరేషన్ వర్గంలో మరణాలు 29 శాతం తక్కువని 2007లో తేలింది. సగటున మూడేళ్లు ఎక్కువ బతికారని 2020 నివేదిక చెప్పింది. రెండోది జాగ్రత్త మాట. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో రెండో ఏటికి 72 శాతం మందికి అది అదుపులోకి వచ్చి మాయమైంది. పదో ఏటికి ఆ స్థితిలో ఉన్నవాళ్లు 36 శాతమే. "షుగర్ శాశ్వతంగా పోతుంది" అని ఎవరైనా మాట ఇస్తే ఈ రెండు అంకెలూ గుర్తుచేయండి. అయినా పదేళ్లపాటు షుగర్ లేకుండా ఉండటం, ఆ పదేళ్లూ కళ్లకు, కిడ్నీలకు దక్కిన విశ్రాంతి చిన్న సంగతి కాదు.

నోరు కట్టుకుంటే చాలదా?

లావుగా ఉన్నవాళ్లు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వినే మాట ఇది. కాస్త నోరు కట్టుకో, కాస్త ఒళ్లు వంచు. విన్నవాళ్లలో చాలామంది నోరు కట్టుకున్నారు కూడా. రాత్రి అన్నం మానేసి పుల్కాలు తిన్నారు, పొద్దున్నే నిమ్మరసం తేనె తాగారు, కీటో చేశారు, పది కిలోలు తగ్గారు, పన్నెండు పెరిగారు. ఈ పెరగడం వెనక ఉన్నది వాళ్ల బలహీనత కాదని చెప్పడానికి ఎనభై ఏళ్ల నాటి ఆధారం ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆర్నెల్లపాటు సగం తిండే పెట్టాడు. కరువు బారిన పడిన ఐరోపా జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆ యువకులు తమ బరువులో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకున్నారు. వాళ్ల ఒళ్లు ఖర్చు తగ్గించేసింది: గుండె నెమ్మదించింది, చలి వేసేది, పగలూ రాత్రీ తిండి ధ్యాసే. తిరిగి తిండి దొరికాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్లెవరూ లావుపాటివాళ్లు కారు, బద్ధకస్తులూ కారు.

2016లో అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం, బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు మళ్లీ పెరిగారు. వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చు పెట్టే శక్తి, ఆ బరువుకు ఉండాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఉంది. అంటే పక్కింటి ఆవిడతో సమానంగా తింటే వీళ్లు లావెక్కుతారు. ఆరేళ్ల తర్వాత కూడా. పైగా కొవ్వు నిల్వలు తగ్గాయని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోను పడిపోయే ఉంది. ఒళ్లు ఒకసారి చూసిన పెద్ద బరువును తనదిగా భావించి కాపాడుకుంటుంది. డైటింగ్ చేసే మనిషి పోరాడేది ఈ కాపలాతో.

కోత ఎక్కడ, ఫలితం ఎక్కడ

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. ఈ ఆపరేషన్‌లో కొవ్వు తీయరు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేది లైపోసక్షన్. అది ఒంటి ఆకారం సరిచేసుకునేందుకు చేసేది, స్థూలకాయానికి వైద్యం కాదు. నటి ఆర్తీ అగర్వాల్ 2015లో అమెరికాలో మరణించినప్పుడు వార్తల్లో వినిపించింది లైపోసక్షనే. ఆ వార్త తర్వాత తెలుగు ఇళ్లలో రెండూ ఒకటే అన్న భయం నాటుకుపోయింది. లావు తగ్గే ఈ ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ సర్జరీ, జీర్ణాశయం మీద, పేగుల మీద చేసేది.

దీని చరిత్ర అల్సర్‌తో మొదలైంది. కడుపులో పుండ్లకు జీర్ణాశయంలో చాలా భాగం తీసేసిన ఆడవాళ్లు మళ్లీ లావెక్కలేకపోతున్నారని అమెరికాలోని అయోవాలో సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. 1966లో ఆయనా, చికాషి ఇటో అనే సర్జనూ కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. జీర్ణాశయం పై భాగాన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని చిన్నపేగులో కాస్త కిందికి కలపడం ఇప్పటి బైపాస్ పద్ధతి. మిగతా జీర్ణాశయం ఒంట్లోనే ఉంటుంది, తిండి మాత్రం అటు వెళ్లదు. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే పద్ధతి 1994లో వచ్చాక కోత బాధ, ఆస్పత్రి రోజులు తగ్గిపోయాయి.

ఇవాళ మన దగ్గర ఎక్కువగా వినిపించే స్లీవ్ ఆపరేషన్ అనుకోకుండా పుట్టింది. విపరీతమైన లావున్నవాళ్లు పెద్ద ఆపరేషన్‌ను ఒకేసారి తట్టుకోలేరని రెండు విడతలుగా చేసేవాళ్లు. మొదటి విడతలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి మూడొంతులకు పైగా తీసేసి, అరటికాయలా సన్నటి గొట్టం మిగిల్చేవాళ్లు. రెండో విడతకు పిలిచేసరికి కొందరు దాని అవసరం లేనంతగా తగ్గిపోయారు. అలా మొదటి విడతే ఒక ఆపరేషన్ అయింది.

కడుపు చిన్నదైంది కాబట్టి తక్కువ తింటారు, తగ్గుతారు అన్న వివరణ సగమే నిజం. స్లీవ్‌లో తీసేసే పైభాగం గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారయ్యే చోటు. జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా 1999లో ఆ హార్మోనును కనిపెట్టారు. బైపాస్‌లో తిండి తొందరగా కింది పేగుకు చేరడంతో జీఎల్‌పీ-1 అనే ఇంకో హార్మోను బాగా పెరుగుతుంది. అది మెదడుకు "చాలు" అని చెబుతుంది, ఇన్సులిన్‌ను కదిలిస్తుంది. అందుకే బైపాస్ అయిన కొద్ది రోజుల్లోనే, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, షుగర్ దిగుతుంది. నార్త్ కరోలినా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో తన పేషెంట్ల వివరాలతో ఈ సంగతి ప్రకటించినప్పుడు మధుమేహ వైద్యులు చాలాకాలం నమ్మలేదు. ఆకలి కడుపులో ఉంటుందనుకున్నాం. అది కడుపు, పేగులు, మెదడు మధ్య నడిచే సంభాషణ అని ఈ ఆపరేషన్లే నేర్పాయి.

రెండింటిలో ఏది మంచిది? పొట్ట కాలడం, పులితేన్పులు ముందునుంచే ఎక్కువగా ఉన్నవాళ్లు స్లీవ్‌కు తొందరపడకూడదు. ఫిన్లాండ్‌లో రెండు ఆపరేషన్లనూ పోల్చి పదేళ్లు చూసిన అధ్యయనంలో స్లీవ్ అయినవాళ్లలో 31 శాతం మందికి అన్నవాహిక పుండు పడి కనిపించింది. బైపాస్‌లో అది 7 శాతం. స్లీవ్ చేయడం సులువు, తొందరగా అవుతుంది, విటమిన్ లోపాలు బైపాస్‌ కన్నా తక్కువ. ఎవరికి ఏది అన్నది ఎండోస్కోపీ, షుగర్ వయసు, బరువు చూసి తేల్చాల్సిన విషయం. ప్యాకేజీ ధర చూసి తేల్చేది కాదు.

మన ఒంటికి మన కొలత

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ ఆచార్యుడు జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోస్తారు, అదీ ముఖ్యంగా పొట్టలో, కాలేయం చుట్టూ. తెల్లవాళ్ల కొలతలతో చూస్తే మామూలుగా ఉన్నట్టు కనిపించే మనిషికి మన దగ్గర షుగర్ ఉంటుంది. అందుకే భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యులు 2009లో హద్దులు మార్చుకున్నారు.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం అధిక బరువును తెల్లవాళ్ల హద్దుతోనే, అంటే బీఎంఐ 25తో లెక్కపెట్టింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం ఆ హద్దు దాటి ఉన్నారు. దేశం మొత్తం మీద అది 24 శాతం. మన తిండిలో వరి అన్నానికి ఉన్న పెద్దపీట, కూర్చుని చేసే పనులు, నడవడానికి చోటు లేని వీధులు, ఆడవాళ్లు వ్యాయామానికి బయటికి వస్తే వినాల్సిన మాటలు, అన్నీ కలిసి వచ్చిన అంకె అది.

ఆపరేషన్ ఎవరికి? 1991లో అమెరికా నిపుణులు పెట్టిన గీత చాలాకాలం నడిచింది: బీఎంఐ 40, లేదా జబ్బులుంటే 35. 2022లో అంతర్జాతీయ సంఘాలు దాన్ని 35కు, జబ్బులుంటే 30కి దించి, ఆసియావాళ్లకు 27.5 నుంచే ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చన్నాయి. ఐదడుగుల రెండంగుళాల ఆవిడకు 27.5 అంటే 68, 69 కిలోలు. ఆ హద్దును నేను సంభాషణ మొదలయ్యే చోటుగానే చూస్తాను. 69 కిలోలున్న, జబ్బేమీ లేని అమ్మాయిని పెళ్లి సంబంధం కోసం బల్లమీదికి ఎక్కించడానికి ఆ మార్గదర్శకాన్ని వాడుకుంటే అది అన్యాయం. షుగర్ పదేళ్లుగా మాట వినని, ఫ్యాటీ లివర్ ముదిరిన మనిషిని 35 రాలేదని తిప్పి పంపడమూ అన్యాయమే. బీమా మాత్రం ఇంకా పాత గీత దగ్గరే ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ అప్నియా, గుండె జబ్బు వంటివి ఉండి, మిగతా వైద్యాలు పనిచేయక పోయి ఉండాలి. పాలసీ కాగితం చదవకుండా అడ్వాన్సు కట్టకండి.

కంచం తిరగబడుతుంది

ఆపరేషన్ అయ్యాక మొదటి వారాలు ద్రవాలు, తర్వాత మెత్తటివి, ఆ తర్వాతే గట్టి తిండి. ఈ దశలు ఆస్పత్రి కాగితం మీద ఉంటాయి, ఇంట్లోవాళ్లూ జాగ్రత్తగానే చేస్తారు. కష్టం మూడో నెల తర్వాత మొదలవుతుంది.

తెలుగు భోజనంలో అన్నం పునాది. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ అందులో కలుపుకోవడానికే. గుప్పెడంత కడుపున్న మనిషి అలా తింటే నాలుగు ముద్దల అన్నంతో నిండిపోతుంది. కండకు కావలసిన మాంసకృత్తులు లోపలికి వెళ్లవు. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ తినమంటారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు. లెక్క వేసి చూస్తే ఎంత కష్టమో అర్థమవుతుంది. అందుకే వరస తిరగబడాలి: ముందు గుడ్డో, చేపముక్కో, చికెనో, పనీరో, గట్టి పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. ముద్ద ముద్దకూ మధ్య నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. బంతి భోజనాల్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పినంత తేలిక కాదు. పక్కన కూర్చున్న పిన్ని "ఏంటే తల్లీ, పిట్టలా ఇంతేనా తినేది" అని గరిటెడు వడ్డిస్తుంది. ఆ ప్రేమను కాదనడానికి మాటలు నేర్చుకోవాలి.

స్లీవ్ గొట్టం గట్టి ముద్దను ఆపగలదు. కరిగిపోయేదాన్ని ఆపలేదు. మైసూర్‌పాక్, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకు, టీలో ముంచిన బిస్కెట్లు, సాయంత్రం పూట కొంచెం కొంచెంగా నమిలే చెక్కలు, జంతికలు ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. మూడో ఏట బరువు పెరిగిందంటే ఎక్కువసార్లు దారి ఇదే. బైపాస్ అయినవాళ్లు తీపి తింటే గుండెదడ, చెమట, కళ్లు తిరగడం వస్తాయి. దాన్ని డంపింగ్ అంటారు.

మూడు నాలుగు నెలలకు జుట్టు రాలుతుంది. ఇది చాలామందిని హడలెత్తిస్తుంది గాని, తిండి సరిగా ఉంటే తిరిగి వస్తుంది. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. వదులైన చర్మం వేలాడుతుంది. అది వ్యాయామంతో పూర్తిగా పోదు.

సెలైన్ బాటిల్, నొప్పి మాత్ర, పెళ్లి

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రమాదాలు మన అలవాట్లలోంచే వస్తాయి.

నీరసంగా ఉంటే దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరో నర్సింగ్ హోములోనో గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన ఊళ్ల అలవాటు. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి వాంతులైన మనిషి ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటిపోతుంది. అలాంటప్పుడు థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. నడక తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. వైద్యం ఆలస్యమైతే ఆ నష్టం తిరిగి రాదు. ఆపరేషన్ అయినవాళ్లు తమకు ఏ ఆపరేషన్, ఎప్పుడు జరిగిందో రాసిన కార్డు పర్సులో పెట్టుకోవాలి. వాంతులు ఆగకపోతే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి. వెళ్లే వీలు లేకపోతే కనీసం ఆ కార్డు చూపించి "ముందు థయామిన్" అని అడగాలి.

రెండోది నొప్పి మాత్ర. మోకాలు నొప్పికో తలనొప్పికో మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడిగి వేసుకోవడం మనకు అలవాటు. బైపాస్ అయినవాళ్లలో కడుపూ పేగూ కలిపిన కుట్టు దగ్గర ఇవి పుండు పెడతాయి, ఒక్కోసారి అది పగులుతుంది. పారాసిటమాల్ వాడుకోవచ్చు, మిగతావి డాక్టరును అడగనిదే వద్దు. మద్యం కూడా బైపాస్ తర్వాత త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత రెండో ఏటికి మద్యం సమస్యలు పెరగడం కనిపించింది.

మూడోది, నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది, పెళ్లి. లావున్న అమ్మాయికి సంబంధాలు రావడం లేదని ఆపరేషన్ చేయిస్తారు. ఆర్నెల్లకు నిశ్చితార్థం, ఎనిమిదో నెలలో పెళ్లి. ఆపరేషన్ సంగతి అత్తవారికి చెప్పరు. కొత్త కోడలు విటమిన్ మాత్రలు దాచుకుని మింగుతుంది, లేదా మానేస్తుంది. ఇంట్లో అందరితో కలిసి పెట్టినంత తినలేక వాంతి చేసుకుంటుంది. మూడో నెల నుంచి "విశేషమేమైనా ఉందా?" అని అడగడం మొదలవుతుంది. పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో బరువు తగ్గగానే నెలసరి గాడిన పడి, అనుకున్నదానికన్నా ముందే గర్భం వస్తుంది. అదే సమయంలో ఒంట్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 నిల్వలు ఖాళీ. అందుకే ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం వద్దంటారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి వాడమంటారు. భర్తకు, అత్తగారికి తెలియకుండా ఈ జాగ్రత్తలు ఎలా పాటిస్తుంది? గుండెకు స్టెంట్ వేయించుకున్న సంగతి ఎవరూ దాచరు. దీన్నీ దాచకుండా చెప్పే ధైర్యం ఆ అమ్మాయి పుట్టింటివాళ్లకు ఉండాలి. లేకపోతే ఆపరేషన్‌ను వాయిదా వేయాలి.

మనసు సంగతి కూడా మనవాళ్లు పట్టించుకోరు. బాధలో, ఒంటరితనంలో తిండే తోడుగా బతికిన మనిషికి ఆ తోడు ఒక్కరోజులో పోతుంది. బరువు తగ్గాక కూడా పాత దిగులు అలాగే ఉండొచ్చు. కెనడాలో జరిగిన అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత తమకు తాము హాని చేసుకున్న ఘటనలు పెరిగినట్టు తేలింది. ముందే కుంగుబాటు ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా మానసిక వైద్యుడి సాయం అందాలి. నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విసుగు కనిపిస్తే ఇంట్లోవాళ్లు వెంటనే పక్కన కూర్చుని మాట్లాడాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

బరువు తిరిగి వస్తుంటే

ముందు చేయాల్సింది డాక్టరుకు చెప్పడం. ఎండోస్కోపీలో గొట్టం సాగిందేమో చూస్తారు, తిండి లెక్క చూస్తారు, థైరాయిడ్, మందుల వల్ల పెరుగుతున్నారేమో చూస్తారు. అవసరమైతే స్లీవ్‌ను బైపాస్‌గా మారుస్తారు. ఇప్పుడు మందుల తోడు కూడా ఉంది. బైపాస్‌ తర్వాత ఒంట్లో పెరిగే జీఎల్‌పీ-1 పనినే ఇంజెక్షన్‌గా చేసే మందులు మౌంజారో, వెగోవీ పేర్లతో 2025లో మన దేశంలోకి వచ్చాయి. ఇవి ఆపరేషన్‌కు పోటీ అని కొందరు, ఆపరేషన్ల కాలం అయిపోయిందని కొందరు అంటున్నారు. ఆ మాట తొందరపాటు. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌ను 68 వారాలు వాడి ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది. అందులో ఎవరూ రోగిని తప్పుపట్టరు. స్థూలకాయమూ అలాంటి దీర్ఘకాల జబ్బే. కొందరికి ఆపరేషన్, కొందరికి మందు, కొందరికి కొన్నాళ్లు రెండూ కావాలి. అందరికీ నడక, కండకు పని చెప్పే వ్యాయామం కావాలి. అమెరికాలో 1994 నుంచి, తగ్గిన బరువును నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు సేకరిస్తున్న ఒక రిజిస్ట్రీ ఉంది. అందులో ఎక్కువమంది రోజుకు సగటున గంట వ్యాయామం చేస్తారు, వారానికి ఒకసారైనా తూచుకుంటారు.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు సర్జన్‌ను అడగాల్సినవి ధర, గది అద్దె కాదు. మీ దగ్గర ఐదేళ్ల క్రితం చేయించుకున్నవాళ్లలో ఎంతమంది ఇప్పటికీ చూపించుకోవడానికి వస్తున్నారు? వాళ్ల సగటు తగ్గుదల ఇప్పుడెంత? మీ డైటీషియన్‌కు జొన్నరొట్టె, రాగిసంకటి, మజ్జిగచారు తెలుసా? అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఫోనెత్తేదెవరు? మీరు వేరే ఆస్పత్రికి మారిపోతే నా రికార్డులు ఎక్కడుంటాయి? ఈ చివరి ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే మన నగరాల్లో సర్జన్లు ఆస్పత్రులు మారుతుంటారు, రోగి పాత ఫైలు పట్టుకుని తిరుగుతుంటుంది.

ఈ భారమంతా సర్జన్ ఒక్కడి మీద పెట్టడమూ సరికాదు. బ్రిటన్‌లో రెండేళ్లు ప్రత్యేక కేంద్రం చూసుకున్నాక, అక్కడినుంచి ఏటా ఒకసారి చూసే బాధ్యతలో ఫ్యామిలీ డాక్టర్ కూడా పాలుపంచుకోవాలని జాతీయ మార్గదర్శకాలే చెబుతాయి. నిజామాబాద్‌లోనో ఒంగోలులోనో ఉండే మనిషి ప్రతి ఏడూ హైదరాబాద్ రానక్కర్లేకుండా, ఊళ్లోని ఫిజీషియన్ ఈ పని చేయగలడు. కావలసింది ఒక చిన్న జాబితా: హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, ఆల్బుమిన్, షుగర్ మూడు నెలల సగటు. వీటికి తోడు మల్టీవిటమిన్ ఆగకుండా వాడుతున్నారా, ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటలు ఎడం పాటిస్తున్నారా అన్న రెండు ప్రశ్నలు. ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ ఈ జాబితా తెలుగులో అచ్చువేసి, డిశ్చార్జి కాగితానికి జతచేసి ఇవ్వాలి.